బండ మీద పై వరుస

ఆగస్టులో జ్యోతిరాణి చనిపోయిన శనివారం మా ఇంటి నీళ్ల ట్యాంకు కడిగించాలని ముందే అనుకున్నాం. కడిగే మనిషి పొద్దున్నే చీపురు, బ్లీచింగ్ పొడి పట్టుకుని వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి, నా భార్య చనిపోయింది, ఇవాళ వద్దు అని చెప్పాను. అతను చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఒకసారి చూసి వచ్చాడు. ఇవాళ నీళ్లు మస్తు కావాలి సార్, ట్యాంకు ఖాళీ చేయకపోవడమే మంచిదైంది అన్నాడు. నిజమే. ఆ రోజు నీళ్లు చాలా ఖర్చయ్యాయి.

మధ్యాహ్నానికి సంఘమంతా వచ్చింది. జ్యోతి ప్రభువు పిలుపు అందుకుందని కొందరు, మహిమలోకి వెళ్లిందని కొందరు, నిద్రించిందని కొందరు అన్నారు. నేను వికారాబాద్‌లో చాలా ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. జరిగినదాన్ని జరిగినట్టు రాయమన్నది వాళ్లకు నేను మొదట నేర్పే విషయం. ఎవరు అడిగినా చనిపోయింది అనే చెప్పాను. కొన్నిసార్లు విన్నాక మత్తయ్య పెద్దనాయన నన్ను పక్కకు పిలిచి, ఆ మాట జర తగ్గించమన్నాడు. ఆయన మా నాన్నకు వరసకు అన్న, రైల్వేలో చేసి రిటైరైన మనిషి, మా సంఘానికి పెద్ద. నేను తగ్గించాను. అడిగినవాళ్లకు తల ఊపి ఊరుకున్నాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. డిసెంబరు ఆఖరి ఆరాధనలో ఒక స్టీలు పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పరిచి పెడతారు. ఒక్కో కార్డు మీద దేవుడు మనిషికి ఇచ్చిన మాట ఒకటి అచ్చు వేసి ఉంటుంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, పళ్లెం ముందు ప్రార్థన చేశాక అందరూ వరుసగా వెళ్లి ఒక్కొక్కటి తీసుకుంటారు. ఏది చేతికి వస్తే అది రాబోయే ఏడాదికి ఆ మనిషి వాగ్దానం. అక్కడ చదవకూడదు. ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసుకుని చదువుకోవాలి. ఇది చాలా ఊళ్లలో ఉన్నదే. మా దగ్గర అదనంగా ఇంకొకటి ఉంది. ఆ ఏడాదిలో ఎవరైనా పోతే, వాళ్ల వాగ్దానాన్నే సమాధి బండ మీద పై వరుసలో చెక్కిస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కాపాడుతున్నది మాత్రం మత్తయ్య పెద్దనాయన.

జ్యోతి వాగ్దానం మా బీరువా అద్దానికి ఒక మూల అంటించి ఉంది. అందులో దేవుడు, నీ రోగం నేను బాగుచేస్తాను అంటాడు.

ఆమె పోవడానికి ముందటి డిసెంబరులోనే హైదరాబాద్ డాక్టర్లు ఆమె కడుపులో గడ్డ ఉందని, అది మంచిది కాదని చెప్పారు. ఏడాది చివర ఆ కార్డు వచ్చింది. ఇంటికి వచ్చాక ఆమె చదివి నా చేతికి ఇచ్చింది. నేను రెండుసార్లు చదివాను. అంత సూటిగా ఉన్న వాక్యం నేను ఏ పాఠంలోనూ చూడలేదు. ఆమె రోజూ ఆ అద్దం ముందే తల దువ్వుకునేది. వైద్యం మొదలై జుట్టంతా పోయాక కూడా అదే వేళకు వెళ్లి అక్కడే నిలబడేది. చివరి వారంలో, డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాడన్న సంగతి ఆమెకు ఎలా చెప్పాలా అని నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఆమెకే అర్థమైంది.

"ఆయన మాటిచ్చిండు కద. ఆయన జూసుకుంటడు. నువ్వు ఇడ్లీ తిను, సల్లారుతున్నది," అంది.

నేను తిన్నాను. శనివారం ఆమె పోయింది.

బండ సంగతి అక్టోబరులో వచ్చింది. క్రిస్మస్‌కు ముందు సమాధులకు సున్నం వేస్తారు కాబట్టి అప్పటికి బండ కూడా పడాలని మత్తయ్య పెద్దనాయన అయ్యగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అయ్యగారు కుర్రవాడు. వచ్చినప్పటి నుంచి ఆయన చూపు బీరువా వైపు వెళుతోంది, వెంటనే టీ కప్పులోకి వస్తోంది. చివరికి, ఈ ఒక్కసారికి ఇంకో వాక్యం పెట్టుకోవచ్చునేమో అన్నాడు. కాపరి గురించి, విశ్రాంతి గురించి మంచి వాక్యాలు చాలా ఉన్నాయన్నాడు. అసలు ఆ కార్డులు హైదరాబాద్‌లో ఏదో ప్రెస్సులో కట్టలు కట్టలుగా అచ్చు వేసేవే కదా సార్ అని కూడా అన్నాడు. మరి పళ్లెం ముందు ప్రార్థన ఎందుకు చేస్తారని అడిగాను. ఆయన టీ తాగాడు.

మత్తయ్య పెద్దనాయన మాత్రం మార్చడానికి ఒప్పుకోలేదు. బాల్‌రాజ్ సమాధిని గుర్తు చేశాడు. బాల్‌రాజ్ గారు రైల్వే గేట్‌మ్యాన్. నీ కాలు జారనివ్వను అని ఆయన వాగ్దానం. అదే ఏడాది మేడ మెట్ల మీద కాలు జారి పడి పోయాడు. ఆ వాక్యం ఆయన బండ మీద ఇప్పటికీ ఉంది.

"కాలు జారింది బాల్‌రాజ్‌ది. వాక్యం జారలె," అన్నాడు పెద్దనాయన. "ఇచ్చిన మాట ఆయనది. దాచవెట్టనీకె మనమెవలం?"

నేనూ అదే అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెక్కిద్దామన్నాను. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, మీ విశ్వాసం గొప్పది సార్ అన్నాడు.

అది విశ్వాసం కాదు. నేను దేవుణ్ణి ఎన్నడూ చూడలేదు. ఎదుట మనిషి ఉంటే అడగవచ్చు, గొడవ పడవచ్చు, తలుపు వేసుకోవచ్చు. కనబడనివాడితో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆ మాట రాతిలో ఉండాలి, దాని కిందే ఆమె పేరు, ఆమె పోయిన తేదీ ఉండాలి, దారిన పోయేవాళ్లు రెండూ కలిపి చదవాలి అనుకున్నాను. నేను నోరు తెరిచి ఏమీ అననవసరం లేదు. నాకు కావలసింది అంతే. అయ్యగారి చెయ్యి నా భుజం మీద ఉండగా అదంతా చెప్పాలనిపించలేదు.

బండ కోసం తాండూరు వెళ్లాను. అక్కడ జ్యోతి అక్క నాగరాణి ఉంటుంది. నాకు వదిన. పెళ్లిలో ఎగతాళికి నన్ను సారూ అని పిలవడం మొదలుపెట్టి, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. భర్త పోయాక ఒక్కతే ఉంటూ బట్టలు కుడుతుంది. ఆ రోజు స్టేషనుకు వచ్చింది కానీ ఎక్కువ మాట్లాడలేదు. ఆమె కాలి వైపు చూశాను. చక్కెర జబ్బుతో బొటనవేలి దగ్గర పుండు పడి, నిరుడు ఇదే కాలానికి వేలు తీసేయాలన్నారు. ఇప్పుడు చెప్పు వేసుకుని మామూలుగా నడుస్తోంది. కాలు మంచిగైనట్టుందే వదినా అన్నాను. అయింది అని, ఆటోను పిలిచింది.

బండలు చెక్కే కిష్టప్ప దుకాణం పాలిషింగ్ యూనిట్ల వరుసలో చివరన ఉంది. రోడ్డు పొడుగునా బండలు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. కోత మిషన్ల నుంచి తెల్లటి నీళ్లు కాలవలోకి పోతున్నాయి. కిష్టప్ప కనుబొమల మీద కూడా దుమ్ము ఉంది. నీలం బండ ఒకటి చూపించి, జానతో కొలిచి, సుద్దముక్కతో గీతలు గీశాడు.

"దేవుని బొమ్మ యాడ రావాలె సారు? మీద నడుమల పెడ్దమా?" అన్నాడు.

బొమ్మ వద్దు, సిలువ గుర్తు చాలన్నాను. దాని కింద ఒక వరుసలో వాక్యం, తర్వాత పేరు, తేదీలు.

"సిలువ సరే. గది దేవుడు గాదు గద. మీ దేవుడు ఎట్లుంటడు?"

"తెలియదు. ఎవరూ చూడలేదు."

"మీ పాస్టరు సాబ్ గూడ?"

"ఆయన కూడా."

కిష్టప్ప సుద్దముక్క చెవి మీద పెట్టుకుని ఆలోచించాడు. అది వెక్కిరింపు కాదు. పని గురించిన ఆలోచన.

"మంచిదే సారు. బొమ్మ లేకుంటె అల్కగైతది. ముక్కు కాడనే మాకు తిప్పలు," అన్నాడు.

పై వరుసలో ఏం రాయాలో చెప్పమన్నాడు. బీరువా అద్దం నుంచి ఊడదీసి తెచ్చిన కార్డును జేబులోంచి తీశాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను ఎప్పుడూ అలా పట్టుకోలేదు. కిష్టప్ప మా ఇద్దరినీ చూసి, చాయ్ తెస్తనని వెళ్లాడు.

"ఆ వాక్యం వద్దు సారూ," అంది.

ఎందుకని అడిగాను. బండల మీద దుమ్ము తుడిచి కూర్చుంది. నన్నూ కూర్చోమంది. చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, మధ్యలో రెండుసార్లు మిషను మోతకు ఆగింది. చెప్పింది మాత్రం చిన్న విషయం. నిరుడు డిసెంబరు ఆఖరున ఆమె మా ఇంటికి వచ్చి ఉంది. ఆరాధనలో ఆడవాళ్ల వైపు అక్కచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కార్డులు తీసుకుని బయటికి వచ్చాక, చెప్పులు విడిచిన చోట ఆగి ఇద్దరూ చదివేశారు. చదవకూడదని ఇద్దరికీ తెలుసు. రోగం బాగుచేస్తానన్న కార్డు వచ్చింది వదినకు. జ్యోతికి వచ్చింది వేరే.

"అది సదివి చెల్లె దిక్కు జూసిన. నాకెందుకు గిది? నాది ఏలు పోతె పోతది, దాని పానం గద. నువ్వు వెట్టుకో, నాకు నీది ఇయ్యి అన్న. అది వద్దంటె వద్దన్నది. ఇట్ల మార్చుకుంటె ఆయనకు తెల్వదా అక్కా అన్నది. తెలిస్తె మంచిదే, తెల్వాలనే ఇస్తున్న అన్న. దాని చేతిల వెట్టి మూసిన."

నేను ఆవలి వైపు మగవాళ్లతో బయటికి వచ్చి స్కూటరు దగ్గర ఎదురుచూస్తూ ఉన్నాను. ఆ తర్వాత ఇంటికి వెళ్లాక జ్యోతి కార్డు చదివి నా చేతికి ఇచ్చింది. ఇది అక్కది అని చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

"మార్చిల నా పుండు మూసుకవొయ్యింది," అంది వదిన. "డాక్టరే పరేషాన్ అయ్యిండు. అందరు దేవుని దయ అన్నరు. నాకు లోపట మంట. నేను ఇచ్చిన సారూ. మనసుల దాసుకోకుంట ఇచ్చిన. ఆయన తీసుకోలె. నాది నాకే వెట్టిండు."

జ్యోతి కార్డు ఏదని అడిగాను. జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి మడత పెట్టిన కార్డు ఇచ్చింది. నీ గాదెలు ధాన్యంతో నిండుతాయని అందులో ఉంది. మాకు పొలం లేదు. వంటింట్లో బియ్యం డ్రమ్ము ఒకటి ఉంది. వెనక్కి తిప్పి చూశాను. ప్రెస్సు పేరు తప్ప ఇంకేమీ లేదు.

కిష్టప్ప చాయ్ తెచ్చాడు. మేము తాగాం. పై వరుస తర్వాత చెబుతాను, దానికి చోటు వదిలి మిగతాది చెక్కమన్నాను. చోటు ఎంత వదలాలని అడిగాడు. నాలుగు వేళ్ల వెడల్పు అన్నాను.

స్టేషనుకు నడిచి వెళ్లాం. వదిన నా కంటే వేగంగా నడిచింది. దారిలో నేను ఒకటే లెక్క వేసుకున్నాను. ఆ మాట జ్యోతికి ఇచ్చింది కాదు. ఎవరి చేతికి ఇచ్చారో వాళ్ల విషయంలో జరిగింది. రాసి ఉన్న దాని ప్రకారం దేవుడి తప్పేమీ లేదు. మార్కులు వేయాల్సి వస్తే పూర్తి మార్కులు వేయాలి. ఆగస్టు నుంచి నేను పట్టుకుని ఉన్నది ఆ తప్పు ఒక్కటే. అది పోయాక చేతుల్లో ఏమీ మిగల్లేదు.

ప్లాట్‌ఫాం మీద బండి కోసం నిలబడి ఉన్నప్పుడు వదిన, ఈ సంగతి సంఘంలో చెబుతావా అని అడిగింది. చెబితే బాధ లేదంది. చెల్లెలి చేతికి దొంగ వాగ్దానం ఇచ్చి తాను బతికిందని అంటారు, అననీ అంది. తనకు అది కాదు, రాత్రీ పగలూ తొలిచేది వేరే ఉందంది. ఏమిటన్నాను.

"ఆయన మనకు కనబడడు. సరే. చిన్నప్పటి సంది గట్లనే నమ్మినం. మనమన్న ఆయనకు కనబడతమా సారూ?"

బండి వచ్చింది. మాత్రలు మానకు వదినా అని చెప్పి ఎక్కాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మత్తయ్య పెద్దనాయనను పక్కకు పిలిచి, ఎవరి పేరూ చెప్పకుండా ఒక మాట అడిగాను. ఎవరైనా తన కార్డు ప్రేమతో ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ వాగ్దానం ఎవరిది అవుతుంది అని. ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"చెయ్యి ఎవలదో మాట వాళ్లది. మార్చుకుంటానికి అదేమన్న బస్సుల సీటా?" అన్నాడు. మళ్లీ, "ఎవలన్న మార్చుకున్నరా ఏంది?" అన్నాడు.

ఊరికే అడిగానన్నాను. నేను అబద్ధం చెప్పడం అరుదు, అందుకని ఆయన నమ్మాడు.

అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. బాగుచేస్తానన్న మాట చెక్కిస్తే అది జ్యోతిది కాదు. జరిగింది జరిగినట్టు రాయడం కాదు. అదీకాక వదిన ఏటా క్రిస్మస్‌కు వచ్చి ఆ వరుస ముందు నిలబడాలి. గాదెల మాట చెక్కిస్తే అందరూ అడుగుతారు. బీరువా మీది కార్డును మా ఇంటికి పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ చూశారు. చెప్పక తప్పదు, చెప్పాక పెద్దనాయన తీర్పు ఏమిటో నాకు ముందే తెలుసు. ఆ తీర్పు వదిన చెవిన పడకూడదు. అయ్యగారు చెప్పిన కాపరి వాక్యం పెట్టవచ్చు. కానీ అది ఎవరి చేతికీ రాలేదు.

డిసెంబరు మొదట్లో బండ వ్యానులో వచ్చింది. కిష్టప్ప కూడా వచ్చి దగ్గరుండి వేయించాడు. పని శుభ్రంగా చేశాడు. సిలువ, ఖాళీ, పేరు, తేదీలు. సున్నం వేసేవాడు ఖాళీ చూసి, అక్షరాలు రాలిపోయాయా అని అడిగాడు. లేదన్నాను. క్రిస్మస్ తర్వాత పెద్దనాయన పై వరుస సంగతి అడిగాడు. ఇంకా కాలేదన్నాను. అది నిజం. తాండూరు వాళ్లు గట్లనే జేస్తరు, నేనొచ్చి గట్టిగ మాట్లాడ్త అన్నాడు. వద్దు పెద్దనాయనా, వాళ్ల తప్పు లేదు, చోటు వదలమన్నది నేనే అన్నాను.

ఏడాది ఆఖరి ఆరాధనకు వదిన రాలేదు. కుట్టాల్సిన బట్టలు మిగిలిపోయాయని ఫోనులో చెప్పింది. తాండూరులో వాళ్ల చర్చికి కూడా వెళ్లడం లేదని పక్కింటివాళ్ల ద్వారా తెలిసింది. ఆరాధనకు నేను ఒక్కణ్ణే వెళ్లాను. వరుసలో పళ్లెం దగ్గరికి చేరాను. ఒక కార్డు తీసుకున్నాను. ఇంటికి వచ్చి బీరువా తెరిచి జ్యోతి చీరల మధ్య పెట్టాను. చదవలేదు.

జనవరిలో రెండుసార్లు తాండూరు వెళ్లాను. మొదటిసారి వదిన జొన్నరొట్టెలు చేసింది. కాలు చూపించమంటే చూపించింది. పుండు ఉన్న చోట చర్మం కొత్తగా, నున్నగా ఉంది. ఇద్దరం జ్యోతి గురించి మాట్లాడుకున్నాం, చిన్నప్పుడు ఆమె చెల్లెలై పుట్టి కూడా అక్క మీద ఎలా పెత్తనం చేసేదో చెప్పి వదిన నవ్వింది. రెండోసారి వెళ్లినప్పుడు కిష్టప్ప దారిలో కనబడి, పై వరుస సంగతేమైంది సారు, ఉలి వట్టుకొని నేనే వికారాబాద్ వస్త అన్నాడు. చెబుతానన్నాను.

ఆ రెండుసార్లూ వదిన నా ముఖం వైపు చూసింది, మనం ఆయనకు కనబడతామా అని స్టేషనులో అడిగింది మళ్లీ అడగలేదు. ఒకసారి అడిగింది చాలనుకుంటుందని నాకు తెలుసు. అవుననడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదందామంటే, నయమైన ఆమె కాలు నా కళ్ల ముందు ఉంది. తరగతిలో పిల్లలు తెలియని ప్రశ్న అడిగితే రేపు చెబుతానని అంటాను, మర్నాడు తప్పకుండా చెబుతాను కూడా.

బండ మీద పై వరుస ఇంకా చెక్కించలేదు. వదినకు ఇంకా జవాబు చెప్పలేదు.